క్యాజువాలిటీ నుంచి ఇంటికొచ్చాక: పిల్లల చిన్న దెబ్బలకు ఏ దారి మేలు?

రాత్రిపూట క్యాజువాలిటీలో పిల్లోడి గడ్డానికి మూడు కుట్లు వేసి, ఇంజెక్షన్ చేసి, చీటీ మీద రెండు మందులు రాసి "మూడు రోజులకు రండి" అని పంపేస్తారు. అంతవరకు మనం ఎంచుకునేదేమీ ఉండదు. ఏది దగ్గరైతే అక్కడికి పరిగెత్తుతాం. అసలు తలనొప్పంతా మర్నాడు పొద్దున మొదలవుతుంది. కట్టు రుయా ప్రభుత్వాస్పత్రిలోనే మార్పించాలా, వీధి చివరి క్లినిక్‌లోనా? పక్కింటావిడ పుత్తూరు నాటు కట్టుకు పొమ్మంటుంది. అవ్వ పప్పు పెట్టొద్దంటుంది. మేనమామ ఫోన్ చేసి "స్కానింగ్ తీయించలేదా?" అని గదమాయిస్తాడు. తిరుపతిలో ఆస్పత్రులకు కొదవ లేదు, సలహాలకు అసలే లేదు.

ఇలాంటప్పుడు మనవాళ్లు ఎక్కువగా అడిగేది "ఏది పెద్దాస్పత్రి?" అని. నా లెక్కలో ముందు అడగాల్సింది వేరే ఉంది: రెండో రోజో మూడో రోజో ఈ దెబ్బను మళ్లీ చూసేదెవరు? చిన్న దెబ్బ ముదిరేది చాలాసార్లు ఆ మధ్య రోజుల్లోనే. కింద చెప్పే ప్రతి ఎంపికనూ నేను ఈ ప్రశ్నతోనే తూచాను.

ఇదంతా డాక్టరు చూసి "ఫర్వాలేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్న పిల్లల గురించి మాత్రమే. కుక్క కరిచిందంటే ఇందులో పోలికలేమీ లేవు. సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్లలో కడగాలి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, రాసిచ్చిన తేదీల్లో టీకాలన్నీ వేయించాలి. రెండు సూదులయ్యాక "బాగానే ఉన్నాడు కదా" అని మానేయడం అన్నిటికన్నా ప్రమాదం.

కట్టు ఎక్కడ మార్పించాలి

కుట్లు వేసిన ఆస్పత్రికే వెళ్తే దెబ్బ ఎంత లోతో రాసిన కాగితం అక్కడే ఉంటుంది. రుయాలో ఖర్చూ ఉండదు. కానీ పొద్దున్నే ఓపీ చీటీ, వరుస, నిరీక్షణ తప్పవు. వెళ్లిన ప్రతిసారీ వేరే డాక్టరు ఉండొచ్చు. దెబ్బ ముఖం మీద ఉన్నా, లోతుగా తెగినా, మొదటి రోజే మట్టి, గాజు ముక్కలు తీయాల్సి వచ్చినా ఆ కష్టం పడాల్సిందే. తక్కినవాటికి అవసరం లేదు.

ఇంటి దగ్గర సర్జన్ క్లినిక్‌కో, పిల్లల డాక్టరు క్లినిక్‌కో వెళ్తే ఫీజు అవుతుంది. అయితే సాయంత్రం ఓపీ ఉంటుంది, బడి పోదు, మన పని పోదు. అంతకంటే ముఖ్యంగా మొన్న చూసిన మనిషే ఇవాళా చూస్తాడు. వాపు తగ్గిందా పెరిగిందా అన్నది మొన్నటి గాయం గుర్తున్నవాడికే తెలుస్తుంది. నన్నడిగితే ఊళ్లో ఉండేవాళ్లకు మామూలు కుట్లకు ఇదే మంచి దారి.

పల్లెల్లో ఆర్‌ఎంపీ ఉంటాడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వస్తాడు. ఆ మేలు కాదనలేం. శుభ్రమైన గాయానికి శుభ్రంగా కట్టు కట్టడం వరకు సరే. ఇబ్బంది ఎక్కడంటే, కట్టుతోపాటు ఒక సూది, రెండు రంగుల మాత్రలు కూడా ఇచ్చేస్తారు. తెగిన ప్రతి దెబ్బకూ యాంటీబయాటిక్ అక్కర్లేదు. డాక్టరు చీటీలో లేనిది వద్దని మర్యాదగానే చెప్పొచ్చు. మనవాళ్లు మర్చిపోయే చోటు ఇంకొకటుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. చంద్రగిరి, పాకాల వైపు పల్లెల నుంచి కట్టు మార్చడానికి మాత్రమే బస్సెక్కి తిరుపతి రావడంలో అర్థం లేదు. చీటీ చూపిస్తే అక్కడి నర్సు మార్చిపెడుతుంది.

ఇంట్లోనే మార్చుకోవచ్చా? మోకాలు గీరుకుపోయినప్పుడు, కుట్లు లేనప్పుడు, నిక్షేపంగా. కాకపోతే పిల్లలు ఇల్లెగిరేలా ఏడ్చేది దెబ్బకు కాదు, అంటుకుపోయిన గుడ్డను పీకేటప్పుడు. ఎండిన గాజుగుడ్డను ఒక్క లాగుడు లాగితే మానుతున్న లేత చర్మం కూడా దాంతో ఊడి వస్తుంది, మళ్లీ రక్తం. కాచి చల్లార్చిన నీళ్లో, మందుల షాపులో దొరికే సెలైనో దాని మీద సన్నగా ధారగా పోసి ఐదు నిమిషాలు నానబెట్టండి. తర్వాత ఒక అంచు పట్టుకుని, పైకి ఎత్తకుండా చర్మం వెంబడే మెల్లగా మడుచుకుంటూ రండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ ఆగి ఇంకాస్త నీళ్లు. వీలైతే ఆ నీళ్ల గ్లాసు పిల్లాడి చేతికే ఇవ్వండి. తనే పోసుకుంటుంటే సగం భయం పోతుంది. మళ్లీ కట్టేటప్పుడు అంటుకోని రకం డ్రెస్సింగో, గాయం మీద పలుచగా వాజలీనో ఉంటే రేపటి ఏడుపు తప్పుతుంది.

పసుపు, కాఫీ పొడి, సున్నం, పేస్టు ఏవీ వద్దు. పసుపు మంచిదే, కూరలో. డెట్టాల్ నేరుగా పోయడం కూడా మానేయండి; మామూలు నీళ్లు, సబ్బు చాలు. వేడి పాలో సాంబారో ఒలికి కాలితే మొదట చేయాల్సింది ఇరవై నిమిషాలు కుళాయి కింద పట్టడం. ఐస్ కాదు.

ఎవరు కట్టు మార్చినా ఇవి కనబడితే దారి మార్చి, కుట్లు వేసిన చోటికే వెళ్లాలి: ఎర్రదనం రోజురోజుకూ పాకడం, చీము, వాసన, జ్వరం, రెండు రోజులయ్యాక నొప్పి తగ్గకుండా పెరగడం. మొదటి రోజు కట్టు కట్టేముందు గాయాన్ని ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. "నిన్న ఇంత ఎర్రగా లేదమ్మా" అని నోటితో చెప్పడం కంటే అది చూపించడం తేలిక.

టీటీ గురించి ఒక మాట. గీరుకుంటే చాలు "టీటీ వేయించావా?" అంటారు. ఇప్పుడు టీటీ స్థానంలో టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రెండింటికీ కలిపిన టీకా) ఇస్తున్నారు. ఏడాదిన్నర ప్రాంతంలో, అయిదారేళ్లకు, పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీకాలు సమయానికి పడ్డ పిల్లలకు, శుభ్రమైన చిన్న దెబ్బ తగిలిన ప్రతిసారీ ఇంకోటి అక్కర్లేదు. మట్టి, తుప్పు, పేడ తగిలిన లోతు గాయమైతే చివరి డోసు పడి అయిదేళ్లు దాటిందా అని చూస్తారు. కాబట్టి క్యాజువాలిటీకి పరిగెత్తేటప్పుడు చేతికి దొరికితే టీకాల కార్డు కూడా పట్టుకెళ్లండి.

కుట్లా, జిగురా

నుదుటి మీదో గడ్డం మీదో చిన్నగా, అంచులు సూటిగా తెగితే ఇప్పుడు కొన్ని చోట్ల కుట్ల బదులు జిగురు మందు రాస్తారు. సూది లేదు, విప్పించడానికి మళ్లీ వెళ్లక్కర్లేదు. అయిదు నుంచి పది రోజుల్లో దానంతటదే పొరలా రాలిపోతుంది. పిల్లలకు అడగదగ్గదే. కానీ మోకాలు, మోచేయి లాంటి వంగే చోట్ల అది నిలవదు. జిగురు మీద ఆయింట్‌మెంటు, నూనె రాస్తే కరిగిపోతుంది. ఈ ముక్క ఇంట్లో తలంటు పోసే అమ్మమ్మకు ముందే చెప్పాలి.

కుట్లయితే ఎప్పుడు విప్పించాలన్నది చోటును బట్టి మారుతుంది. ముఖం మీద దాదాపు అయిదు రోజులకు, తల మీద వారం నుంచి పది రోజులకు, మోకాలి లాంటి కీళ్ల మీద పది నుంచి పద్నాలుగు రోజులకు. ముఖం మీద ఆలస్యమైతే కుట్ల గుర్తులు మిగులుతాయి. మోకాలి మీద తొందరపడితే గాయం విచ్చుకుంటుంది. కరిగిపోయే కుట్లు వేశారా, విప్పాల్సినవా అన్నది అక్కడే అడిగి చీటీ మీద రాయించుకోండి. ఎవరూ అడగరు, తర్వాత అందరూ తికమక పడతారు.

మన ఊరి మాట ఒకటి. కొండ మీద తలనీలాల మొక్కు ఉండి, పిల్లాడికి తల మీద కుట్లుంటే మొక్కును వెనక్కి జరపండి. కుట్లు విప్పి, పక్కు రాలి, చర్మం గట్టిపడేదాకా అక్కడ కత్తి తగలకూడదు. పుష్కరిణిలో, కపిలతీర్థంలో మునకలూ అంతే. స్వామి ఎక్కడికీ పోడు.

ఎముక దగ్గర తొందర వద్దు

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు తక్కిన రాష్ట్రానికి లేని ఎంపిక ఒకటుంది: పుత్తూరు. తిరుపతి నుంచి దాదాపు 35 కిలోమీటర్లు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ అక్కడ కట్టించుకుని బాగైన ఒక బాబాయో పిన్నమ్మో ఉంటారు. వాళ్లది అబద్ధం అనను. పక్కకు జరగకుండా పగిలిన ఎముకను కదలకుండా పట్టి ఉంచితే అతుక్కుంటుంది, పిల్లల్లో ఇంకా త్వరగా. వెదురు బద్దలతో పట్టి ఉంచినా సరే, పిండికట్టుతో పట్టి ఉంచినా సరే. ఆ పని ఎముక తనే చేసుకుంటుంది.

గొడవ ఎక్కడంటే, బయటినుంచి చూసి అది పగులో, పక్కకు జరిగిన విరుపో, పెరిగే భాగం దగ్గర దెబ్బో చెప్పడం కష్టం. పిల్లల ఎముక చివర్లలో పెరుగుదలకు ఆధారమైన మెత్తటి పొర ఉంటుంది. అక్కడ విరిగి వంకరగా అతుక్కుంటే చేయి పెరిగేకొద్దీ వంకర పెరగొచ్చు. అందుకని నా మాట ఇది: ఎక్స్‌రే తీయించకుండా, దాన్ని ఎముకల డాక్టరు చూడకుండా ఏ నాటు కట్టుకూ వెళ్లొద్దు. మూడు చోట్ల మాత్రం ఎక్స్‌రే ఉన్నా వెళ్లొద్దు. మోచేయి దగ్గర దెబ్బ, ఎముక మీద చర్మం తెగిన దెబ్బ, వేళ్లు తిమ్మిరెక్కిన లేదా రంగు మారిన దెబ్బ.

మోచేయి గురించి ఇంకొంచెం చెప్పాలి. గోడ మీంచో ఉయ్యాల మీంచో చేయి చాపి పడ్డ పిల్లలకు మోచేతికి కాస్త పైన విరగడం మామూలు. ఆ పక్కనే చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఉంటుంది. విరిగిన ముక్క దాన్ని నొక్కినా, వాపు మీద బిగించి కట్టు కట్టినా ముంజేతి కండరాలకు రక్తం అందదు. కొన్ని గంటలు అలాగే వదిలేస్తే కండరాలు చచ్చి, వేళ్లు ముడుచుకుపోయి శాశ్వతంగా అలాగే ఉండిపోతాయి. ఇలాంటిదైతే ఎముకల ఆపరేషన్ చేయగల ఆస్పత్రికి అదే రోజు వెళ్లాలి. తెల్లారనిద్దాం అనుకోవద్దు.

కట్టు పిండిదైనా, ఫైబర్‌దైనా, వెదురుదైనా మొదటి రెండు రోజులు ఇంట్లో చూడాల్సింది ఒక్కటే. గోరును నొక్కి వదలండి. తెల్లబడ్డ గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. "వేళ్లు ఆడించు నాన్నా" అంటే ఆడించాలి. మనం మెల్లగా వేలు చాపితే భరించలేనంత నొప్పి ఉన్నా, మందు వేసినా ఏడుపు ఆగకపోయినా, వేళ్లు చల్లబడ్డా అర్ధరాత్రయినా సరే వెనక్కి వెళ్లి కట్టు వదులు చేయించాలి. చేయిని దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉంచితే వాపు త్వరగా దిగుతుంది.

పిండికట్టా, ఫైబరా అన్నది దీనితో పోలిస్తే చిన్న విషయం. వాపున్నప్పుడు మొదట స్లాబు, అంటే సగం కట్టు, వేసి, తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. మొదటి రోజే "ఫుల్ కట్టు వేయండి, డబ్బు ఇస్తాం" అని పట్టుబట్టేవాళ్లుంటారు. వద్దు. పిండికట్టు చవక, బరువు, పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, తడిస్తే మెత్తబడుతుంది. ఫైబర్ తేలిక, గట్టిది, రంగుల్లో వస్తుంది, ఖర్చెక్కువ. అయితే ఫైబర్ తడిసినా ఏం కాదనుకోవద్దు. లోపలి దూది తడిస్తే అది ఆరదు, చర్మం చెడుతుంది. బడికి పోయి పరుగులు తీసే పిల్లకు, నాలుగు వారాలు ఉంచాల్సిన కట్టుకు ఫైబర్ మేలు. రెండు మూడు వారాల పనికి పిండికట్టే చాలు. లోపల దురద పుడితే స్కేలు, పుల్ల దూర్చనివ్వకండి.

మణికట్టు దగ్గర, పచ్చి కొమ్మను వంచినప్పుడు ఒక పక్క ముడత పడ్డట్టు, ఎముక నలిగే రకం దెబ్బ ఒకటుంది. విరిగి విడిపోదు. దీనికి బ్రిటన్‌లో 965 మంది పిల్లల మీద చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో, గట్టి పట్టీ వేసినవాళ్లకూ మెత్తటి బ్యాండేజీ మాత్రమే కట్టినవాళ్లకూ నొప్పిలో తేడా కనబడలేదు. కాబట్టి డాక్టరు తీసిపెట్టుకునే పట్టీ ఇచ్చి "మూడు వారాలు" అని పంపేస్తే, సరిగ్గా చూడలేదని ఇంకో ఆస్పత్రికి పరిగెత్తకండి. "ఏ రకం విరుపు సార్?" అని మాత్రం అడగండి.

కట్టు విప్పాక చేయి బిగుసుకుని ఉంటుంది. అప్పుడు ఇంట్లో నూనె మర్దన అంటారు. మోచేతికి మాత్రం మర్దన వద్దు, లాగి సాగదీయడం అసలే వద్దు. బలవంతం చేస్తే కండరంలో ఎముక పెరిగి ఇంకా బిగుసుకునే ప్రమాదముంది. పిల్లలు ఆడుకుంటూ వాడుకుంటే కొన్ని వారాల్లో దానంతటదే వదులవుతుంది. కాకపోతే ఫిజియోథెరపీ.

తలకు తగిలితే: స్కానింగా, కనిపెట్టుకుని ఉండడమా

బొప్పి కట్టి, వెంటనే ఏడ్చి, కాసేపటికి మామూలుగా ఆడుకుంటున్న పిల్లకు సీటీ స్కాన్ అక్కర్లేదని డాక్టరు అన్నాడంటే డబ్బు మిగిల్చాడనో నిర్లక్ష్యమనో అనుకోవద్దు. సీటీలో రేడియేషన్ ఉంటుంది, అది పిల్లలకు వీలైనంత తక్కువ తగలాలి. ప్రమాద సూచనలు లేని పిల్లల్ని కొన్ని గంటలు కనిపెట్టి ఉంచి పంపడం వైద్యంలో పద్ధతే.

కానీ కనిపెట్టుకుని ఉండడమంటే ఎవరో ఒకరు నిజంగా కనిపెట్టుకోవాలి. ఇక్కడే ఊరి దూరం లెక్కలోకి వస్తుంది. భవానీ నగర్‌లో ఇల్లుంటే ఇంటికెళ్లండి. పీలేరు అవతలి పల్లె అయితే ఆ ఒక్క రాత్రి తిరుపతిలో చుట్టాలింట్లో ఉండిపోవడం మంచిది. మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా సరిగ్గా లేవకపోవడం, మాట తడబడడం, ఫిట్స్, తలనొప్పి పెరుగుతూ పోవడం, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలా కారడం, వీటిలో ఏదొక్కటి కనబడినా 108కి ఫోన్ చేయాలి. నిద్రపోనివ్వకూడదు అన్న మాటలో పస లేదు. నిద్రపోనివ్వండి, డాక్టరు చెప్పినన్ని సార్లు మెల్లగా లేపి చూస్తే చాలు. ఒకటి రెండు రోజులు ఇంట్లోనే నెమ్మదిగా ఉంచి, తర్వాత బడి, ఆ తర్వాతే ఆటలు. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టాల్సిన పని లేదు.

నొప్పికి ఏ మందు

ముందు పారాసెటమాల్. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. మోసం సిరప్ సీసాల్లో ఉంది. ఒకే పేరుతో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. పన్నెండు కిలోల పిల్లకు కావాల్సింది 180 మిల్లీగ్రాములు: మొదటి సీసాలో ఏడున్నర మిల్లీలీటర్లు, రెండో దాంట్లో మూడున్నరకు కాస్త పైన. "పోయినసారి ఇంతే పోశాం" అన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. డాక్టరు రాసిన మోతాదును సీసాతో సరిచూసుకుని, టీచెంచాతో కాకుండా దాంతో వచ్చిన కొలమూతతోనో సిరంజితోనో పోయండి.

ఐబుప్రోఫెన్ బెణుకులకు, ఎముక నొప్పికి బాగా పనిచేస్తుంది. ఏదైనా తిన్నాకే వేయాలి. డెంగీ అనుమానమున్న జ్వరంలో వేయకూడదు, కాబట్టి వానాకాలంలో దెబ్బతోపాటు జ్వరం కూడా ఉంటే పారాసెటమాలే. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. నిమెసులైడ్ పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకుండా మన దేశంలో 2011లోనే నిషేధించారు. అయినా ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి.

పథ్యం, జడుపు, బడి

"పప్పు పెట్టొద్దు మే, పుండు చీము పడతాది."

"మరేం పెట్టమంటావత్తా? నాలుగు రోజుల్నుంచి చారన్నమే తింటున్నాడు."

ఈ సంభాషణ మన ఇళ్లలో ఎవరి నోట విన్నా ఇంతే ఉంటుంది. పప్పుకు, గుడ్డుకు, వంకాయకు చీముతో సంబంధం లేదు. చీము పట్టేది క్రిములతో. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. అంటే పప్పు, గుడ్డు, పాలు, మాంసం తినే ఇంట్లో అదీ. రాగి సంగటిలో కాల్షియం ఉంది, అలవాటున్నవాళ్లకు నల్లేరు పచ్చడీ ఫర్వాలేదు. అత్తగారితో వాదన పెట్టుకునే బదులు "డాక్టరు పెట్టమన్నాడు" అంటే ఇద్దరికీ గౌరవం.

పిల్లకాయలు జడుసుకున్నారని తాయెత్తు కట్టించడం, దిష్టి తీయడం గురించి నాకు పట్టింపు లేదు. మెడకు బిగుతుగా లేకుండా, గాయం మీద బూడిద రాయకుండా ఉంటే చాలు. అవ్వ దిష్టి తీస్తుంటే పిల్ల నవ్విందంటే అదీ లాభమే. కుట్ల గదిలో నలుగురు కలిసి పట్టుకున్న పిల్ల కొన్నాళ్లు నిద్రలో ఉలిక్కిపడుతుంది, తల్లిని వదలదు, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. జరిగింది జరిగినట్టు వాళ్ల మాటల్లో చెప్పనివ్వండి. "ఏడిస్తే మళ్లీ సూది వేయిస్తా" అనే బెదిరింపును ఇంట్లోంచి వెళ్లగొట్టండి. దానివల్ల రేపు కట్టు మార్చే నర్సుకే కష్టం. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చెప్పండి.

బడికి ఎప్పుడు పంపాలన్న దానికి ఎక్కువమంది సాగదీస్తారు. కుట్లున్నా, చేతికి కట్టున్నా, నొప్పికి మందు లేకుండా పగలు గడుస్తోందంటే పంపొచ్చు. పీటీ పీరియడ్‌కు మాత్రం ఎన్ని వారాలు దూరమో చీటీ రాయించుకోండి. కట్టు విప్పాక కూడా కొన్ని వారాలు గోడలెక్కడం, కబడ్డీ వద్దంటారు, ఎందుకంటే అతికిన ఎముక అదే చోట మళ్లీ విరిగేది అప్పుడే. కాలు బెణికిన పిల్ల అలిపిరి మెట్లెక్కుతానంటే, ముందు ఒంటికాలి మీద నొప్పి లేకుండా గెంతగలుగుతుందా చూడండి. గెంతలేకపోతే ఈసారికి బస్సు.

ఆటో వాళ్ల సంగతి కూడా మాట్లాడుకోండి. కట్టున్న చేతిని బయటి వైపు పెట్టుకుని అంచున కూర్చోకుండా లోపలి సీటు ఇమ్మని ఆటో అన్నకు ముందురోజే చెప్పాలి. బ్యాగు మోయడానికి పక్కింటి పిల్లోడున్నాడా అని అప్పుడే అడిగి పెట్టుకోవాలి.